ఓటీపీ కొట్టింది ఎవరు? పిల్లల డేటా చట్టమూ, పాలమూరు ఇళ్లూ

నారాయణపేట జిల్లా దామరగిద్ద మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. పొద్దుగూకింది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల అరుగు మీద కూర్చొని ఫోనులో కొత్త ఆట యాప్ తెరిచింది. పుట్టిన సంవత్సరం అడిగితే ఉన్నదే కొట్టింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి అమ్మో నాన్నో ఒప్పుకోవాలి, వాళ్ల నంబరు ఇవ్వమంది యాప్. ఆ ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. అందులో సిమ్ నాన్న పేరు మీద తీసుకున్నది. అమ్మానాన్నలిద్దరూ పూణెలో ఒక అపార్ట్‌మెంటు కట్టే చోట రేకుల షెడ్డులో ఉన్నారు. పిల్ల ఆ నంబరే ఇచ్చింది, ఆ ఫోనుకే ఆరంకెలు వచ్చాయి. పక్కన చాటలో బియ్యం ఏరుతున్న అవ్వ, "ఎవరిదే బిడ్డా మెసేజి? మీ నాయిన పైసలేసిండా?" అని అడిగింది. "కాదవ్వా, ఊకెనే వచ్చింది" అంటూ పిల్ల ఆ అంకెలు కొట్టేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. కంపెనీ రికార్డులోకి మాత్రం తల్లిదండ్రుల సమ్మతి అందినట్టు ఎక్కింది.

ఇందులో పిల్ల తప్పు వెతకడం అన్యాయం. వయసు నిజమే చెప్పింది. యాప్ కూడా అడగాల్సినది అడిగింది. అయినా తల్లికీ తండ్రికీ సంగతే తెలియకుండా వాళ్ల సమ్మతి పుట్టింది. ఆరంకెల సంఖ్య ఒక ఫోనుకు చేరిందన్న ఒక్క విషయమే అక్కడ రుజువైంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో, అంకెలు కొట్టిన వేలు ఎవరిదో ఎవరికీ తెలియదు. దేశమంతటా పిల్లల డేటాకు కాపలాగా పెడుతున్న ఏర్పాటు బరువంతా ఈ సందు మీదే పడబోతోంది. తల్లిదండ్రులు వలసపోయి పిల్లలు ఊళ్లోనే ఉండిపోయే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, దేవరకొండ తండాల్లో ఈ సందు ఇంకా పెద్దది.

చట్టం ఏమంటుందో ముందు చూడాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దానికి ఆరేళ్ల ముందు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ తీర్పు వేసిన దారిలోనే ఈ చట్టం వచ్చింది. అందులో పిల్లల కోసం పెట్టినది తొమ్మిదో సెక్షన్. పద్దెనిమిదేళ్లు నిండని వారంతా ఈ చట్టం దృష్టిలో పిల్లలే. వాళ్ల వ్యక్తిగత డేటా మీద చెయ్యి వేయాలంటే ముందుగా తల్లి లేదా తండ్రి సమ్మతి తీసుకోవాలి, ఆ సమ్మతి సరిచూడగలిగినదై ఉండాలి. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అమలు ఎలాగో చెప్పే నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. వాటిలో సమ్మతికి సంబంధించినవి పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నాటికి, అమల్లోకి వస్తాయి. అంటే కంపెనీలు తమ యాప్‌లలో ఈ తలుపు ఎలా కట్టాలో తేల్చుకుంటున్న కాలం ఇదే. మాట్లాడాల్సిన సమయమూ ఇదే.

ఈ ఆలోచన మనది కాదు. అమెరికాలో 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం చేశారు, 2000 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. అక్కడ గీత పదమూడేళ్లు. మన పిల్లలు వాడే పెద్ద సోషల్ మీడియా వేదికలన్నీ ఖాతాకు కనీస వయసు పదమూడు అని పెట్టుకోవడానికి మూలం ఆ చట్టమే. యూరప్ డేటా రక్షణ నియమావళి 2018లో అమల్లోకి వచ్చినప్పుడు పదహారు అని పెట్టి, ఏ దేశానికి ఆ దేశం పదమూడు దాకా తగ్గించుకోవచ్చంది. మన గీత ఆ రెండిటికంటే ఎత్తున ఉంది.

అమెరికా వాళ్లు తల్లిదండ్రులను సరిచూసే పద్ధతులు చాలానే పెట్టారు. ఫారం అచ్చువేసి సంతకం చేసి పోస్టులోనో ఫ్యాక్సులోనో పంపడం, క్రెడిట్ కార్డుతో చిన్న మొత్తం చెల్లించడం, టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి శిక్షణ పొందిన మనిషితో మాట్లాడటం, వీడియో కాల్, ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించి ఆ వెంటనే దాని కాపీ చెరిపేయించుకోవడం, పిల్లలకు తెలిసే వీలులేని ప్రశ్నలకు జవాబివ్వడం, కార్డు మీది ఫొటోను ముఖంతో పోల్చడం. వీటన్నిటి అడుగున ఒకే ఊహ ఉంది. పెద్దల చేతిలో ఉండి పిల్లల చేతికి అందనిది ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని అడిగితే ఎదురుగా ఉన్నది పెద్దవాళ్లేనని తేలుతుంది అన్న ఊహ. ముప్పై ఏళ్ల కిందటి అమెరికా ఇంట్లో అది క్రెడిట్ కార్డు. నాన్న జేబులో పర్సు, పర్సులో కార్డు, నెలాఖరుకు ఇంటికొచ్చే బిల్లు. ఎవరైనా వాడితే బిల్లులో తెలుస్తుంది.

పాలమూరు ఇంట్లో ఈ ఊహ తలకిందులవుతుంది. ఇక్కడ ఇంటి డిజిటల్ పనులన్నీ చేసేది పిల్లలే. నాన్న పూణె నుంచి పైసలు వేస్తే పడ్డాయో లేదో చూసి చెప్పేది పిల్ల. కిరాణా కొట్లో ఫోన్‌పే కొట్టేది పిల్ల. యూపీఐ పిన్ అవ్వకు నోటికి రాదు, పిల్లకు వస్తుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే ఆ ఓటీపీ చదివేది కూడా పిల్లే. పింఛన్ పని మీద మీసేవకు పోయినప్పుడు కౌంటర్ దగ్గర నంబరు చెప్పడానికి పిల్లను వెంట తీసుకుపోయే ముసలివాళ్లు ఈ జిల్లాల్లో ఏ మండల కేంద్రంలోనైనా కనిపిస్తారు. పెద్దరికానికి రుజువుగా ఏది అడిగినా ఆ తాళంచెవి పిల్లల చేతిలోనే ఉంది. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ చదువుల ఛానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాక చదువు పేరుతో చాలా ఇళ్లలో ఫోను పిల్లల చేతికి వచ్చింది. మళ్లీ పెద్దల చేతికి పోలేదు. దీన్ని నేరంగా చూడటం సరికాదు, ఆ ఇళ్లు నడుస్తున్నది ఈ పిల్లల తెలివితోనే. కానీ నియమాలు రాసేవాళ్లు ఈ ఇంటిని కళ్ల ముందు పెట్టుకొని రాసినట్టు కనిపించదు.

మన నియమాల్లో పదో నియమాన్ని దగ్గరగా చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. కంపెనీ సరిచూడాల్సినవి రెండే. తల్లినో తండ్రినో అని చెప్పుకుంటున్న మనిషి పెద్దవారేనా, అవసరమైతే వాళ్లెవరో గుర్తుపట్టగలమా. దానికి రెండు దారులు చూపించారు. ఆ పెద్దమనిషి అప్పటికే ఆ కంపెనీలో ఖాతా ఉన్నవారై, వయసూ గుర్తింపూ ముందే ఇచ్చి ఉంటే అవి చాలు. లేదంటే ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అప్పగించిన సంస్థ గానీ ఇచ్చిన వివరాలో, వాటికి బదులుగా పనిచేసే డిజిటల్ టోకెనో చూపాలి. ధ్రువపత్రాలను ఫోనులో దాచుకునే ప్రభుత్వ సేవ డిజిలాకర్ ద్వారా కూడా ఇవ్వవచ్చు. ఎక్కడా ఆ మనిషికి ఆ బిడ్డతో చుట్టరికం ఏమిటో సరిచూడమనలేదు. ఇరవై రెండేళ్ల బాబాయి తన ఆధార్‌తో తండ్రినని చెప్పుకున్నా యంత్రానికి తేడా తెలియదు. పక్కింటి అన్న అయినా అంతే.

చుట్టరికం కూడా సరిచూడమని పట్టుబట్టాలా? తొందరపడి అవుననకూడదు. ఎవరి బిడ్డ ఎవరో చెప్పే కాగితాలు ప్రభుత్వం దగ్గర లేకపోలేదు. జనన ధ్రువపత్రం ఉంది, రేషన్ కార్డులో కుటుంబ సభ్యుల పేర్లున్నాయి, బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరుంది. కానీ ఒక ఆట యాప్ ఖాతా కోసం ఇవన్నీ ఒకదానికొకటి ముడిపెడితే పిల్ల గోప్యత కాపాడటానికని మొదలైన పని ఇంటిల్లిపాది వివరాలను కంపెనీల ముందు పరిచే పనిగా మారుతుంది. కంచే చేను మేసిన చందం. సరిచూసే కొద్దీ సేకరణ పెరుగుతుంది, సేకరించిన కొద్దీ లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది. పిల్లలెవరో తెలియాలంటే ఆ యాప్‌కు వచ్చే పెద్దల వయసులు కూడా అడగాలన్నది దీనికి తోకలా వచ్చే ఇంకో చిక్కు. అందుకే టోకెన్ దారి మిగతావాటికంటే మేలు. పద్దెనిమిది నిండాయా అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న ఒక్క జవాబే కంపెనీకి వెళ్లాలి. ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, ఫొటో ఏవీ పోకూడదు. టోకెన్ మాటను నియమంలో పెట్టినవాళ్లు మంచి పని చేశారు. కంపెనీలు దాన్ని పక్కనపెట్టి ఆధార్ కార్డు ఫొటో తీసి పెట్టమని అడగకుండా చూడాల్సిన బాధ్యత ఈ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డు మీద ఉంది.

ఇక అవ్వ సంగతికి రావాలి. ఈ చట్టం తల్లిదండ్రులు అన్నప్పుడు చట్టబద్ధ సంరక్షకులను కూడా కలుపుకుంటుంది. మరి కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు నుంచి బొంబాయికీ పూణెకూ బతకపోయిన దంపతులు బిడ్డను ఎవరి మీద నమ్మకంతో వదిలి వెళ్లారో ఆ అవ్వ చట్టబద్ధ సంరక్షకురాలేనా? కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ సంరక్షకులంటుంది. తండ్రి తర్వాత అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం చెప్పనక్కరలేదని, ఆయన అందుబాటులో లేనప్పుడు తల్లి ఆ బాధ్యత తీసుకోవచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అవ్వ దాకా మాత్రం ఆ మాట రాలేదు. ఆమె సంరక్షకురాలు కావాలంటే 1890 నాటి చట్టం కింద కోర్టుకు పోవాలి. పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయేది, బడిలో మీటింగు అంటే కొంగు సర్దుకొని పోయేది, రాత్రి పక్కలో పడుకోబెట్టుకునేది ఆమే. అయినా ఆమె ఒప్పుకుంటే చెల్లదు, ఆమె వద్దంటే లెక్కలోకి రాదు. వేల ఇళ్లలో పిల్లల్ని పెంచుతున్న మనిషికి ఈ ఏర్పాటులో చోటే లేకపోవడం ఈ నియమాల్లోని అన్నిటికంటే పెద్ద లోపం. తల్లిదండ్రులు ఒక్కసారి ఫోనులో చెప్పి అవ్వనో తాతనో నియమించే వీలు ఎందుకు ఉండకూడదు? నియమాలు సవరించేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండే పిల్లల ఇళ్లలోనూ ఇదే వరుస. తల్లి నెలకోసారి టిఫిన్ డబ్బా పట్టుకొని హాస్టల్‌కు వస్తుంది, ఆ రెండు గంటల్లో ముద్ర వేయాల్సిన కాగితాలు ఏమున్నాయో చూపిస్తారు. విద్యార్థుల పన్నెండంకెల అపార్ నంబరు కోసం బడుల్లో తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు తీసుకున్నారు. అది ఐచ్ఛికం, వద్దనవచ్చు. ఆ సంగతి ఎందరు తల్లులకు నోటితో విడమరిచి చెప్పారన్నదే ప్రశ్న. బడి నుంచి వచ్చిన కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టి పంపడం మన ఊళ్లలో మర్యాద. సారు అడిగితే కాదనేదేముంది? సమ్మతి అన్న మాట ఇక్కడ ముందుగా ఈ రూపంలోనే పరిచయమైంది. ఫోనులో 'నేను అంగీకరిస్తున్నాను' అన్న గడి దాని తర్వాతే వచ్చింది.

చదవలేని మనిషి నుంచి చదివి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోవడం ఏ లెక్కన సమ్మతి? 2011 జనాభా లెక్కల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, స్త్రీలలో 45 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదే అడుగున ఉంది. చట్టం ఈ విషయాన్ని కొంత పట్టించుకుంది. నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంది. తెలుగు అందులో ఉంది. దేవరకొండ, చందంపేట తండాల్లో ఇంట్లో మాట్లాడే లంబాడీ లేదు. తెలుగులో ఇచ్చినా ఎలాంటి తెలుగులో ఇస్తారన్నది అంతకంటే ముఖ్యం. 'దత్తాంశ ప్రక్రియీకరణ నిమిత్తం సమ్మతిని ప్రదానం చేయుచున్నాను' అని యంత్రం రాసిపెట్టిన తెలుగు ఎంఏ చదివినవాళ్లకే కొరుకుడుపడదు. అవ్వకు అర్థమయ్యేది వినపడే తెలుగు. నోటీసు అన్నది గొంతుగా రావాలి.

ఇక వయసు గీత. పదిహేడేళ్ల అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. తన ఆరోగ్యం గురించో, పెళ్లి వాయిదా వేయించుకునే దారి గురించో ఒక సైటులో పేరు నమోదు చేసి అడగాలనుకుంది. నాన్న ఒప్పుకోవాలని ఆ సైటు ఆయనకే కబురు పెడితే ఆ పిల్లకు దక్కేది రక్షణ కాదు. 1098 లాంటి హెల్ప్‌లైన్ల దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి, ఉంది. చట్టం ప్రకారం పిల్లల ప్రయోజనం కోసం చేసే పనులకు, ప్రభుత్వ రాయితీలు, ధ్రువపత్రాలు ఇవ్వడానికి, ఈమెయిల్ ఖాతా తెరవడానికి, ఆస్పత్రుల వైద్యానికి, బడి చదువుకు, పిల్లల భద్రతకు నియమాల నాలుగో షెడ్యూల్‌లో మినహాయింపులు ఇచ్చారు. పిల్లల డేటాను సురక్షితంగా చూసుకుంటామని నిరూపించుకున్న సంస్థకు వయసు గీత తగ్గించే అధికారం కూడా తొమ్మిదో సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఎదిగిన పిల్లలకు సలహాలిచ్చే సైట్ల విషయంలో ఆ అధికారం వాడాలి. లేకపోతే పిల్లలు ఏం చేస్తారో అందరికీ తెలిసిందే, పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టి లోపలికి పోతారు. అప్పుడు ఆ పదిహేడేళ్ల పిల్ల కంపెనీ లెక్కలో పెద్దది, పిల్లలకు ఇచ్చే ఏ రక్షణా ఆమెకు అందదు.

ఇంతకీ తొమ్మిదో సెక్షన్‌లో అసలు బలం ఎక్కడుందంటే సమ్మతి తర్వాత వచ్చే మాటల్లో. పిల్లల క్షేమానికి హాని కలిగించే విధంగా డేటా వాడకూడదు. పిల్లలు ఏం చూస్తున్నారు, ఎంతసేపు చూస్తున్నారు, ఏది నొక్కుతున్నారు అని వెంటపడి గమనించకూడదు. ఆ గమనింపుతో వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. చట్టం ఇచ్చిన మినహాయింపులు తప్ప దీనికి సందు లేదు, తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే చేయకూడదు. దామరగిద్ద అరుగు మీది పిల్ల నాన్న బదులు తానే ఓటీపీ కొట్టినా ఈ నిషేధం ఆమెకు అండగా ఉంటుంది. తల్లి చదువుకున్నదైనా, కాకపోయినా, పూణెలో ఉన్నా, పక్కనే ఉన్నా ఈ రక్షణ ఒకటే. సమ్మతి మాత్రం ఇంటిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో గట్టిగా నిలబడుతుంది, తండాలో గాలికి పోతుంది. కాబట్టి అమలు చేసేవాళ్ల బలమంతా ముందుగా ఈ నిషేధం మీద పెట్టాలి. అమెరికాలో పెద్ద జరిమానాలు పడింది కూడా ఇలాంటి చోటే. 2019లో పిల్లల ఛానెళ్లు చూసేవాళ్ల డేటాను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా సేకరించి, దానితో గురిపెట్టిన ప్రకటనలు చూపినందుకు యూట్యూబ్, దాని యజమాని గూగుల్ 17 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

సమ్మతి అవసరమైన చోట దాన్ని నిజం చేసే మార్గాలు లేకపోలేదు. ఆటకు పిల్ల పేరు, ఊరు, ఫొటో, ఫోనులోని నంబర్ల జాబితా ఎందుకు? అడగకపోతే సమ్మతి గొడవే చాలా వరకు ఉండదు. అడగక తప్పనప్పుడు పిల్ల ఇచ్చిన నంబరుకు, అదే ఫోనుకు, అదే నిమిషంలో ఓటీపీ పంపడం మానాలి. ఖాతా తెరిచిన ఫోనూ ఒప్పుకున్న ఫోనూ ఒకటేనని తెలుసుకోవడం కంపెనీకి చిటికెలో పని. ఒకటే అయితే దాన్ని సమ్మతిగా ఎక్కించుకోకూడదు. మేస్త్రీ పని వదిలి షెడ్డుకు చేరే వేళ, రాత్రి ఎనిమిది దాటాక, నాన్న దగ్గరుండే నంబరుకో అమ్మ దగ్గరుండే నంబరుకో తెలుగులో ఒక కాల్ పోవాలి. ఇచ్చినంత తేలిగ్గా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలని చట్టం ఆరో సెక్షన్ ఇప్పటికే చెబుతోంది, అదీ ఆ కాల్‌లోనే చెప్పాలి. అరనిమిషం చాలు. ఇలా ఉండవచ్చు:

"నమస్తే. మీ బిడ్డ ఫోనులో ఒక ఆట పెట్టుకుంటానంటోంది. ఆమె పేరు, వయసు మేం రాసిపెట్టుకుంటాం. ఇంకేమీ తీసుకోం, ఎవరికీ ఇవ్వం. మీకు ఇష్టమైతే ఒకటి నొక్కండి. ఇష్టం లేకపోతే రెండు నొక్కండి, దానికేం డబ్బులు పోవు. బిడ్డతో మాట్లాడి చెప్తానంటే మూడు నొక్కండి, రేపు ఇదే టైముకు మళ్లీ చేస్తాం. ఈరోజు సరే అని తర్వాత వద్దనుకుంటే ఇదే నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి, రాసిపెట్టుకున్నది తీసేస్తాం."